పిల్లల ప్రశ్నలకు కత్తెర వేయకండి: సైక్లింగ్ సమాఖ్యలకు, ప్రొఫెషనల్ జట్లకు ఒక ఉపాధ్యాయురాలి బహిరంగ లేఖ

గౌరవనీయులైన సైక్లింగ్ సమాఖ్యల అధ్యక్షులకు, ప్రొఫెషనల్ జట్ల మేనేజర్లకు, వారి ప్రచార విభాగాలకు, పాఠశాలలకు వచ్చి మాట్లాడే రైడర్లకు,

నమస్కారం. నేను ఒక ప్రాథమిక పాఠశాలలో ఆరు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలకు పాఠాలు చెబుతాను. మీరు మా బడికి ఒక ప్రొఫెషనల్ సైక్లిస్టును పంపారు. అందుకు కృతజ్ఞతలు అప్పుడే తెలియజేశాం. ఆ తర్వాత మాకున్న అభ్యంతరాలను జట్టుకు ఒక ఉత్తరంలో, సమాఖ్యకు మరో ఉత్తరంలో వివరంగా రాసి పంపాం. జట్టు నుంచి జవాబుకు బదులు ఒక పెట్టె వచ్చింది. తెరిచి చూస్తే స్టిక్కర్లు, సంతకాలు అచ్చువేసిన పోస్టర్లు. సమాఖ్య నుంచి అదీ లేదు. గుర్తుచేస్తూ మళ్లీ రాసినా ఉలుకూ పలుకూ లేకపోవడంతో, తల్లిదండ్రులతోనూ తోటి ఉపాధ్యాయులతోనూ మాట్లాడి ఈ లేఖను బహిరంగంగా రాస్తున్నాను.

ముందుగా ఒక విషయం స్పష్టం చేయాలి. వచ్చిన రైడర్ మీద మాకు ఏ ఫిర్యాదూ లేదు. ఆయన పిల్లలతో కలిసి నేల మీద కూర్చున్నాడు, పేర్లు అడిగాడు, నవ్వాడు. మధ్యలో ఒకటి రెండు సార్లు ఏదో చెప్పబోయి, గోడ దగ్గర నిలబడ్డ ప్రచార విభాగం మనిషి వైపు చూసి ఆగిపోయాడు. మా ఫిర్యాదు ఆ చూపు గురించి, ఆయన చుట్టూ మీరు కట్టిన ఏర్పాటు గురించి.

1. అడగకూడని ప్రశ్నల జాబితా

కార్యక్రమానికి ముందు జట్టు నుంచి మాకొక కాగితం వచ్చింది. నిషేధిత మందులు, ప్రమాదాలు, జీతం, ‘శారీరక విషయాలు’, వీటి గురించి పిల్లలు అడగకుండా చూసుకునే బాధ్యత ఉపాధ్యాయులదేనని అందులో ఉంది. అడగాల్సిన ప్రశ్నలు కూడా వాళ్లే రాసిచ్చారు. ‘మీ విజయ రహస్యం ఏమిటి?’ అన్నది మొదటిది. ఏడేళ్ల పిల్లలు విజయ రహస్యాలు అడగగా నేనెప్పుడూ వినలేదు. వాళ్ల సందేహాలు వేరు. రేసు మధ్యలో మూత్రం వస్తే ఏం చేస్తారు? కింద పడితే ఏడుస్తారా? ఎప్పుడూ గెలిచేవాడంటే మీకు కోపమా?

మూత్రం ప్రశ్నకు ఎంత చక్కని జవాబుందో ఈ క్రీడను చూసేవాళ్లందరికీ తెలుసు. గంటల తరబడి సాగే రేసులో రైడర్లు కొంత దూరం వెళ్లాక కలిసి దారి పక్కన ఆగుతారు. అలా ఆగినవాళ్లను వదిలేసి ముందుకు దూసుకుపోకపోవడం ఈ క్రీడలో ఎక్కడా రాసిపెట్టని మర్యాద. ఎదుటివాడి ఇబ్బందిని మన లాభంగా మార్చుకోకూడదని నేను నీతిపాఠంలో చెబితే పిల్లలు ఆవలిస్తారు. ఆ జవాబు వింటే పడీపడీ నవ్వేవారు, నవ్వుతూనే గుర్తుపెట్టుకునేవారు. మీ కాగితం దాన్ని ‘శారీరక విషయం’ కింద కొట్టేసింది.

నిషేధిత మందుల సంగతి నవ్వులాట కాదు. ‘సైక్లిస్టులందరూ మందులు వాడతారట కదా’ అని ఇంట్లో పెద్దలు అనగా విన్న పిల్లలు తరగతిలో ఉన్నారు. ఫ్రాన్స్‌లో ఏటా మూడు వారాలు సాగే సైకిలు రేసు టూర్ డి ఫ్రాన్స్ విజేతల పట్టిక చూసిన ఏ పిల్లవాడికైనా 1999 నుంచి 2005 వరకు ఏడేళ్లు ఖాళీగా కనిపిస్తాయి. నిషేధిత మందులు వాడినందుకు లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ టైటిళ్లను అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య 2012లో రద్దు చేసి, ఆ స్థానంలో ఇంకెవరి పేరూ రాయలేదు. ‘ఇక్కడ ఎందుకు ఖాళీ?’ అని పిల్లవాడు అడిగితే, ఆ ప్రశ్నే వద్దని నేను ఏ ముఖం పెట్టుకుని చెప్పాలి? అడగొద్దన్న క్షణంలోనే ఇంట్లో విన్న మాటే నిజమని వాడికి రూఢి అవుతుంది. ఆ అనుమానం అవతల నిజాయితీగా సైకిలు తొక్కే మీ రైడర్ల మీదే పడుతుంది.

నిజానికి మీ దగ్గర చెప్పడానికి చాలా ఉంది. పై స్థాయి రైడర్లు రోజుకు ఒక గంట చొప్పున, ఏడాది పొడవునా, మందుల పరీక్షకు ఎక్కడ దొరుకుతారో ముందుగా రాసివ్వాలి. పన్నెండు నెలల్లో మూడుసార్లు ఆ లెక్క తప్పితే అదే నియమ ఉల్లంఘనగా పరిగణిస్తారు. పరీక్షకు వచ్చినవారి కళ్లెదుటే నమూనా ఇవ్వాలి. 2008 నుంచి రైడర్ల రక్తపరీక్షల ఫలితాలను ఏళ్ల తరబడి వరుసగా పోల్చి చూసే జీవ పాస్‌పోర్ట్ పద్ధతి కూడా ఉంది. తెల్లవారకముందే తలుపు కొట్టి ‘సీసాలో పోయండి’ అనే పరీక్షకుడి కథ విన్న ఎనిమిదేళ్ల పిల్లలకు మోసం ఎందుకు తప్పో వేరే చెప్పనక్కరలేదు. దాచడానికి ఇందులో ఏముంది?

2. ప్రమాదాలను దాచి, ప్రమాదకరమైన వీడియో చూపడం

ఇది మాకు అన్నిటికంటే బాధ కలిగించిన విషయం. ప్రమాదాల గురించి పిల్లలు నోరెత్తకూడదన్నారు. కానీ మీరే చూపించిన ప్రచార వీడియోలో ఒక రైడర్ సీటు వదిలేసి, ముందున్న అడ్డ కడ్డీ మీద కూర్చుని, గడ్డం హ్యాండిల్‌కు ఆనించి కొండ దిగుతాడు. అంతర్జాతీయ సమాఖ్య 2021 ఏప్రిల్ నుంచి రేసుల్లో ఆ భంగిమను నిషేధించింది. పాత దృశ్యమని మీకు తెలుసు, పిల్లలకు తెలియదు. చూస్తూనే తరగతంతా కేకలు వేసింది. ఆ వారాంతంలో మా విద్యార్థి ఒకడు వాలు దారిలో అచ్చంగా అలాగే కూర్చుని దిగి పడ్డాడు. గడ్డానికి కుట్లు పడ్డాయి. ‘బడిలో చూపించారు’ అని వాడు తల్లితో అన్న మాటలో అబద్ధం లేదు.

ఆ తల్లికి జవాబు చెప్పాల్సి వచ్చింది నాకు. మీకు కాదు.

ప్రమాదాల గురించి మాట్లాడితే పిల్లలు భయపడి సైకిలే ఎక్కరని మీ వాదన కావచ్చు. హెల్మెట్ కథను ఎవరైనా రైడర్ చెప్పి చూడండి. 1991లో ఫ్రాన్స్‌లో జరిగే పారిస్–నీస్ రేసులో హెల్మెట్ తప్పనిసరి చేయబోతే, వద్దని పోరాడింది రైడర్లే. సమాఖ్య వెనక్కి తగ్గింది. 1995 టూర్ డి ఫ్రాన్స్‌లో కొండ దిగుతూ ఫాబియో కాసార్టెల్లి పడి చనిపోయాడు. అప్పుడు ఆయనకు హెల్మెట్ లేదు. 2003 మార్చిలో అదే పారిస్–నీస్‌లో ఆంద్రేయ్ కివిలేవ్ తలకు దెబ్బ తగిలి మరణించాడు. ఆయనకూ లేదు. ఆ ఏడాదే హెల్మెట్ తప్పనిసరి అయింది. మరణాల వివరాలు ఆరేళ్ల పిల్లలకు అక్కరలేదు, అంతవరకు ఒప్పుకుంటాను. కానీ ‘ప్రపంచంలోకెల్లా బాగా సైకిలు తొక్కేవాళ్లే ఒకప్పుడు హెల్మెట్ మాకెందుకన్నారు, తర్వాత మనసు మార్చుకున్నారు’ అన్న మాట వాళ్లకు పూర్తిగా అర్థమవుతుంది. నేను రోజూ చెప్పే ‘హెల్మెట్ పెట్టుకో’ కంటే ఆ జెర్సీ వేసుకున్న మనిషి నోట ఆ ఒక్క మాటకు విలువ ఎక్కువ. కుదురుగా పెట్టుకోవడం ఎలాగో, గడ్డం కింద పట్టీ ఎంత బిగించాలో ఐదు నిమిషాలు చూపించినా చాలు. ఆ ఐదు నిమిషాలూ స్పాన్సర్ బ్యానరు ముందు ఫొటోలకు పోయాయి.

3. బరువు గురించిన మాటలు

మీరు ఆమోదించిన ప్రశ్నల్లో ‘మీరు ఏం తింటారు?’ ఒకటి. రైడర్ ఉన్నదున్నట్టు చెప్పాడు: ప్రతి ముద్దా తూకం వేసుకుని తింటాననీ, రేసుల ముందు బరువు తగ్గించుకుంటాననీ, కొండ ఎక్కేటప్పుడు ప్రతి కిలో భారమేననీ. పెద్దల క్రీడాసభలో ఇందులో తప్పు పట్టడానికేమీ లేదు. ఎదురుగా ఉన్నది ఎదిగే పిల్లలు. ఆ వారం భోజన సమయంలో ఎవరు ఎంత బరువున్నారన్న పోలికలు మొదలయ్యాయి. కాస్త బొద్దుగా ఉండే ఒక పాప డబ్బా మూత తెరవకుండానే ఇంటికి తీసుకెళ్లింది. ఒక్కరోజు కాదు. చాలా రోజులు ఆమె పక్కన కూర్చుని నేనూ తింటూ ఉంటే తప్ప మళ్లీ మామూలు కాలేదు.

శ్రమకు తగినంత తినని క్రీడాకారుల ఎముకలు, హార్మోన్లు, ఎదుగుదల ఎలా దెబ్బతింటాయో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ వైద్య నిపుణులు 2014లో ప్రత్యేకంగా ఒక పేరు పెట్టి మరీ హెచ్చరించారు. మీ జట్ల వైద్యులకు ఇది కొత్త కాదు. రైడర్‌ను బడికి పంపే ముందు ఆ వైద్యులతో పది నిమిషాలు మాట్లాడిస్తే సరిపోయేది. పర్వతాల మీద సాగే ఒక రోజు రేసులో రైడర్ ఐదు వేల కేలరీలకు పైగా ఖర్చు చేయవచ్చు, అందుకే సైకిలు మీదే తింటూ వెళ్తాడు, జేబులు వీపు వైపు ఉండేది అందుకే. పిల్లలకు చెప్పాల్సిన తిండి కథ ఇదీ.

4. ముట్టుకోనివ్వని సైకిలు

రేసు సైకిలును తాడు కట్టి ఆవల నిలబెట్టారు. ఖరీదైనది, ఒప్పుకుంటాం. కానీ చూడటానికైతే పోస్టరు చాలు కదా. రేసు సైకిలు 6.8 కిలోల కంటే తక్కువ ఉండకూడదని అంతర్జాతీయ నియమం, చాలా జట్ల సైకిళ్లు దానికి దగ్గరలోనే ఉంటాయి. మా పిల్లలు తొక్కే చిన్న ఇనుప సైకిళ్లు చాలావరకు అంతకంటే బరువు. ఇరవై కిలోల పాప పది కిలోల సైకిలు తొక్కుతుంది, అంటే తన బరువులో సగం. డెబ్బై కిలోల రైడర్ తన బరువులో పదోవంతు ఉన్న సైకిలు తొక్కుతాడు. ఈ లెక్క పిల్లల చేత చేయించి, ఆ సైకిలును ఒక్కొక్కరి చేత పైకెత్తించి ఉంటే ఇంకే ప్రసంగం అవసరం ఉండేది కాదు. ‘అయితే నేను ఆయన కంటే బలమైనదాన్ని’ అని ఎవరో ఒక పిల్ల తప్పకుండా అనేది!

సైకిలు తొక్కడం రాని పిల్లలూ తరగతిలో ఉన్నారు, ఆ రోజు వాళ్లు సిగ్గుతో వెనుక వరుసలో కూర్చున్నారు. 1817లో కార్ల్ ఫాన్ డ్రైస్ తయారుచేసిన మొదటి రెండు చక్రాల బండికి అసలు పెడళ్లే లేవని, పెద్దవాళ్లు నేలను కాళ్లతో తన్నుకుంటూ దాన్ని నడిపారని, ఇప్పటికీ పెడళ్లు తీసేసి అలా నేర్చుకుంటే బ్యాలెన్స్ త్వరగా పట్టుబడుతుందని ఒక రైడర్ చెబితే ఆ వెనుక వరుస కాస్త ముందుకు జరిగేది.

5. గెలుపు ఒక్కటే కథ కాదు

ఈ మాట మీ క్రీడకంటే బాగా ఏ క్రీడా చెప్పలేదు, అయినా మీ ప్రసంగాల్లో పతకాలు తప్ప మరేమీ వినిపించదు. టూర్ డి ఫ్రాన్స్ లాంటి పెద్ద రేసులో జట్టుకు ఎనిమిది మంది. మూడు వారాలు, రోజుకొకటి చొప్పున 21 స్టేజీలు. చివరికి విజేత తొడుక్కునే పసుపు జెర్సీ ఒక్కరికి. మిగిలిన ఏడుగురు ఏం చేస్తారు? వెనుక కారు దగ్గరికి వెళ్లి నీళ్ల సీసాలు జెర్సీలో కుక్కుకుని మోసుకొస్తారు. నాయకుడి చక్రం పంక్చరైతే తమ చక్రం ఊడదీసి ఇస్తారు. ముందు నిలిచి గాలిని అడ్డుకుంటారు. ఒకరి వెనుక దగ్గరగా వెళ్తే శ్రమ దాదాపు మూడోవంతు వరకు తగ్గుతుంది కాబట్టి, ఎదురుగాలిలో ముందున్నవాడు వెనకున్నవాడి కోసం తన కాళ్లను ఖర్చు చేస్తున్నట్టే. ఎప్పుడూ చివర వచ్చే పిల్లలకు, ఆటల జట్టులో ఎవరూ మొదట ఎంచుకోని పిల్లలకు ఈ కథ కావాలి. మా బడికి వచ్చిన రైడర్ అలాంటి సహాయక రైడరేనని మాకు తర్వాత పత్రికల ద్వారా తెలిసింది. ఆయన చేత మాత్రం ‘పెద్ద కలలు కనండి’ అని చెప్పించి పంపారు.

పోస్టర్లలో ఒక్క మహిళా రైడర్ లేదు. మహిళల టూర్ డి ఫ్రాన్స్ 2022లో మళ్లీ మొదలైంది. 2024లో కాషా నీవియాడోమా డెమి వోలరింగ్ మీద నాలుగు సెకన్ల తేడాతో నెగ్గింది. ‘ఆడవాళ్లకూ రేసులున్నాయా?’ అని మా పిల్లలు అడిగారు. ఆ ప్రశ్న మీ జాబితాలో లేదు కనుక జవాబూ రాలేదు. అలాగే ఎరిత్రియాకు చెందిన బినియమ్ గిర్మాయ్. 2022లో ఇటలీ పెద్ద రేసు జీరో డిటాలియాలో స్టేజి గెలిచి, వేదిక మీద తెరిచిన సీసా బిరడా కంటికి తగలడంతో రేసు వదిలేయాల్సి వచ్చింది. 2024 టూర్ డి ఫ్రాన్స్‌లో మూడు స్టేజీలు గెలిచి, పాయింట్లలో మొదటివాడికిచ్చే ఆకుపచ్చ జెర్సీ తొడుక్కున్నాడు. ఇంతటి కథలు చేతిలో పెట్టుకుని పొడి మాటలు పంచడం అన్యాయం.

6. సంచుల్లో పెట్టిన కూపన్లు

వెళ్తూ వెళ్తూ ప్రతి పిల్లవాడి సంచిలో స్పాన్సర్ కూపన్లు పెట్టారు. మమ్మల్ని అడగలేదు. కొని తీరాలని పిల్లలు ఇంట్లో మారాం చేస్తే, కొనలేని తల్లిదండ్రులు నా దగ్గరికొచ్చి తల దించుకుని మాట్లాడారు. 2021లో స్విస్ రైడర్ మైకేల్ షేర్ ఒక రేసులో ప్రేక్షకులకు నీళ్ల సీసా విసిరినందుకు అనర్హుడయ్యాడు. చిన్నప్పుడు టూర్ చూడటానికి వెళ్తే ఒక రైడర్ విసిరిన సీసాయే తనను ఈ క్రీడలోకి తెచ్చిందని ఆయన బహిరంగంగా రాశాడు. కొద్ది రోజుల్లోనే సమాఖ్య ఆ నియమాన్ని సడలించింది. వాడేసిన ఒక సీసా చేయగలిగిన పని మీ కూపన్ల కట్ట చేయలేదు. బహిరంగ లేఖలకు మీరు జవాబిస్తారని కూడా ఆ ఉదంతమే మాకు చెప్పింది.

ఇక మా కోరికలు. ‘కోరికలు’ అని మర్యాదకు అంటున్నాం.

ప్రశ్నల జాబితాను, అడగకూడనివైనా అడగాల్సినవైనా, పూర్తిగా రద్దు చేయండి. జవాబు చెప్పడం ఇష్టం లేని రైడర్ ‘అది నేను చెప్పలేను’ అని పిల్లలతోనే అనవచ్చు. పిల్లలు దాన్ని గౌరవిస్తారు. సమాచారం అడిగే, పొందే హక్కు పిల్లలకు ఉందని 1989 నాటి బాలల హక్కుల ఒప్పందం 13వ అధికరణంలో రాసి ఉంది. ఒక ప్రచార విభాగం కాగితం దాన్ని మించినది కాదు.

చూపించే ప్రతి వీడియోను ముందుగా ఉపాధ్యాయులకు పంపండి. రేసుల్లో నిషేధించిన భంగిమలు, చేతులు వదిలేసి తొక్కే దృశ్యాలు తీసేయండి. పిల్లల ముందు బరువు, కొలతలు, ఆహార నియంత్రణ గురించి మాట్లాడకూడదన్న స్పష్టమైన నియమం సమాఖ్య స్థాయిలోనే పెట్టండి. దాన్ని ఒక్కో జట్టు విచక్షణకు వదిలేస్తే ఏమవుతుందో పైన రాశాను.

ప్రసంగం ఇరవై నిమిషాలు దాటకూడదు. మిగిలిన సమయమంతా మైదానంలో గడవాలి: బ్రేకు ఎలా పట్టాలి, వెనక్కి చూస్తూ కూడా తిన్నగా ఎలా వెళ్లాలి, మలుపులో చేయి ఎలా చూపాలి, చైను ఊడితే ఎలా ఎక్కించాలి. సైకిలు లేని పిల్లల కోసం కొన్ని సైకిళ్లు మీరే తీసుకురండి. బ్యానర్లు మోసుకొచ్చే వాహనంలో వాటికీ చోటుంటుంది. కూపన్లు, ప్రకటనలు బడి గేటు దాటి లోపలికి రాకూడదు. పంపే రైడర్లలో మహిళలు, సహాయక రైడర్లు తప్పక ఉండాలి.

రైడర్లకు విడిగా ఒక మనవి. మీ ఒప్పందంలో ఈ పర్యటనలు తప్పనిసరి అయి ఉండవచ్చు. మీరు అలసిపోయి వస్తారని కూడా తెలుసు. కానీ మా పిల్లలు మీ పతకాలు చూసి మురిసిపోయేది కొద్ది క్షణాలే. మోకాలి మీద మచ్చ చూడగానే పది చేతులు లేస్తాయి. ఆ చేతుల వైపు చూడండి, గోడ దగ్గరి మనిషి వైపు కాదు.

వచ్చే సీజను పాఠశాల పర్యటనల జాబితా ఖరారు కాకముందే మాకు లిఖితపూర్వకంగా జవాబు కావాలి. అది రానిపక్షంలో ఏ జట్టు పర్యటననూ మా బడి అంగీకరించదు. ఇతర బడులకూ ఈ లేఖ ప్రతులు పంపుతున్నాం. జట్టు రైడర్ బదులు, రోజూ పనికి సైకిలు మీదే వెళ్లే ఏ అమ్మనో నాన్ననో పిలిచి మాట్లాడిస్తాం.

పిల్లలు రాసిచ్చిన, ఇంతవరకు జవాబు రాని ప్రశ్నలు కొన్ని కింద ఇస్తున్నాను. వీటికి జవాబులు ప్రచార విభాగం రాయనక్కరలేదు. రైడర్లే తమ చేతిరాతతో రాసి పంపాలి.

కింద పడితే ముందు సైకిలు చూసుకుంటారా, దెబ్బ చూసుకుంటారా?
వానలో బ్రేకు పట్టకపోతే ఏం చేస్తారు?
మీ స్నేహితుడు మోసం చేశాడని తెలిస్తే చెప్పేస్తారా?
చివర వచ్చినవాళ్లకు కూడా అన్నం పెడతారా?
మీకు చక్రం ఇచ్చినవాడికి మీరు ఏం ఇస్తారు?

ఇట్లు,
ఒక ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయురాలు,
తోటి ఉపాధ్యాయులు, పిల్లల తల్లిదండ్రుల తరఫున